నానోఫైబర్ కాంపోజిట్ మైక్రోవేవ్ తరంగాలను పీల్చుకోకుండా ఎందుకు తిప్పికొడుతుంది?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీరు పాలీఆక్రిలోనైట్రైల్ అనే పాలిమర్ ద్రావణం నుంచి ఎలక్ట్రోస్పిన్నింగ్ (అధిక వోల్టేజీతో సూది మొన నుంచి సన్నని పోగులు లాగే పద్ధతి) ద్వారా నానోఫైబర్లు తీసి, వాటిని 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద కర్బనీకరించి (గాలి తగలకుండా కాల్చి కర్బనంగా మార్చి), పారఫిన్ మైనంలో బరువు ప్రకారం 20 శాతం కలిపారు. 2 నుంచి 18 గిగాహెర్ట్జ్ వరకు కొలిచి చూస్తే రిఫ్లెక్షన్ లాస్ (తిరిగి వచ్చే శక్తికి కొలమానం, అంకె ఎంత కిందికి దిగితే అంత తక్కువ తిరిగి వచ్చినట్టు) ఎక్కడా −3 డెసిబెల్ కంటే కిందికి దిగలేదు. పరిశోధన పత్రాల్లో మాత్రం −50, −60 అన్న అంకెలు కనిపిస్తున్నాయి. లోపం ఫైబర్‌లో ఉందా, కొలతలో ఉందా, ఐరన్ ఆక్సైడ్ వంటి అయస్కాంత పదార్థం కలిపితే బాగుపడుతుందా అని అడిగారు.

నేను హైదరాబాదులో పరిశోధక విద్యార్థిగా ఇదే పని మీద ఐదేళ్లు గడిపాను. అందులో మొదటి ఏడాదిన్నర మీరు ఇప్పుడు నిలబడిన చోటే నిలబడి ఉన్నాను. నా అనుభవంలో తేలిందేమిటంటే, మీ ఫైబర్ విద్యుత్తును అవసరానికి మించి ప్రసరింపజేస్తోంది, అందువల్ల తరంగం దాని లోపలికి అడుగు పెట్టక ముందే వెనక్కి మళ్లుతోంది. తరంగాన్ని పీల్చుకోవాలంటే ముందు దాన్ని లోపలికి రానివ్వాలి. ఈ రంగంలో జరిగే పొరపాట్లలో చాలా భాగం ఈ మొదటి షరతును మరిచి, రెండవదైన నష్టం (లోపలికి వచ్చిన తరంగ శక్తిని వేడిగా మార్చడం) మీదే దృష్టి పెట్టడం వల్ల జరుగుతున్నాయని నేను గట్టిగా నమ్ముతున్నాను.

దీనిని అంకెల్లో చూద్దాం. శూన్యంలో తరంగానికి ఉండే ఇంపిడెన్స్ (తరంగానికి ఎదురయ్యే నిరోధం లాంటిది) 377 ఓములు. అయస్కాంత గుణం లేని పదార్థంలో ఆ విలువ పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే సంఖ్య, దాని వాస్తవ భాగం శక్తి నిలువను, కల్పిత భాగం శక్తి నష్టాన్ని సూచిస్తుంది) వర్గమూలంతో భాగించినంత తగ్గుతుంది. 20 శాతం ఫైబర్, 1000 డిగ్రీల కర్బనీకరణ అంటే పర్మిటివిటీ వాస్తవ భాగం 40, కల్పిత భాగం 50 ప్రాంతంలో ఉండటం ఆశ్చర్యం కాదు. అప్పుడు మీ పదార్థపు ఇంపిడెన్స్ పరిమాణం 47 ఓముల దగ్గరికి పడిపోతుంది. 377 నుంచి 47కు ఒక్కసారిగా దిగే ఆ సరిహద్దులోనే తరంగ శక్తిలో 64 శాతం వెనక్కి వెళ్లిపోతుంది. డెసిబెల్‌లో చెబితే అది సుమారు −2. మీకు వచ్చిన ఫలితం దీనికి చాలా దగ్గరగా ఉంది కనుక మీ కొలత పూర్తిగా తప్పని నేను అనుకోవడం లేదు.

మరి ఎంత ఉంటే బాగుంటుంది? వెనుక లోహపు పలక ఉన్న ఒకే పొర శోషకానికి ఒక సులువైన అంచనా ఉంది. పొర మందం ఆ పదార్థంలోని తరంగదైర్ఘ్యంలో పావు వంతు ఉన్నప్పుడు, పర్మిటివిటీ కల్పిత భాగం దాని వాస్తవ భాగపు వర్గమూలానికి సుమారు 1.27 రెట్లు ఉంటే ముందు వైపు నుంచి వచ్చే పరావర్తనం దాదాపు పూర్తిగా రద్దవుతుంది. వాస్తవ భాగం 12 అయితే కల్పిత భాగం 4.4 చాలు, 10 గిగాహెర్ట్జ్ వద్ద మందం 2.1 మిల్లీమీటర్లు చాలు. కల్పిత భాగం 50 అంటే మీరు ఆ అవసరానికి ఎంత దూరంలో ఉన్నారో దీనినిబట్టి గ్రహించవచ్చు. పావు తరంగదైర్ఘ్యం ఆలోచన కొత్తదేమీ కాదు. లోహానికి పావు తరంగదైర్ఘ్యం ముందు 377 ఓముల తెరను నిలబెట్టే పద్ధతికి సాలిస్‌బరీ పేరిట అమెరికాలో 1952లోనే పేటెంటు వచ్చింది. నానోఫైబర్లతో మనం చేస్తున్నది ఆ తెరనూ దాని వెనుక ఖాళీనీ కలిపి ఒకే పలుచని పొరగా మార్చే ప్రయత్నం.

ఇక ఫైబర్ వల్ల వచ్చే అసలు లాభం ఏమిటో చెప్పాలి, ఎందుకంటే ఆ లాభమే మీ కష్టానికి కూడా కారణం. కార్బొనిల్ ఐరన్ (సన్నని శుద్ధ ఇనుము) పొడితో చేసే సంప్రదాయ శోషకాల్లో బరువులో 70, 80 శాతం పొడి నింపాల్సి వస్తుంది. నానోఫైబర్ సన్నగా, పొడవుగా ఉంటుంది కనుక ఒకదాని మీద ఒకటి పడి, కొద్ది శాతంలోనే వల అల్లుకుంటుంది. ఆ వల మీదుగా ప్రవాహం నడిచి వేడిగా మారుతుంది. కాబట్టి ఐదారు శాతంతో తీరే పనికి మీరు 20 శాతం పోశారు. తేలిక కోసం ఎంచుకున్న పదార్థాన్ని పొడి నింపినట్టు నింపితే అసలుకే మోసం వస్తుంది.

కర్బనీకరణ ఉష్ణోగ్రత ఇందులో రెండవ మీట. 600 డిగ్రీల దగ్గర ఫైబర్ ఇంకా పేలవమైన వాహకమే, 700 దాటాక వాహకత్వం వేగంగా పెరుగుతుంది, 1000 దగ్గర అది మన పనికి మరీ ఎక్కువ. నేను 650, 700, 750, 800 డిగ్రీల వద్ద నాలుగు నమూనాలు చేసి, ప్రతిదాన్నీ 4, 6, 8 శాతాల్లో కలిపి చూశాను. నాకు పనికొచ్చినది 700 డిగ్రీలు, 6 శాతం. మీ కొలిమిలో థర్మోకపుల్ ఎక్కడ ఉందో, వాయువు ఎంత వేగంతో పారుతోందో దానినిబట్టి మీ అంకె మారుతుంది, అందువల్ల నా 700ను మీరు యథాతథంగా తీసుకోవద్దు.

ఇక్కడే ఎవరూ పెద్దగా రాయని ఒక విషయం ఉంది. కర్బనీకరణ తరువాత ఫైబర్ పొర నల్లటి పలుచని కాగితంలా ఉంటుంది, అంచు పట్టుకుంటే చిన్నగా కరకరమంటూ విరుగుతుంది. దాన్ని మైనంలో కలపడానికి అగేట్ కల్వంలో నూరుతాం. నేను మొదట్లో ఎంతసేపు నూరానో రాసుకోలేదు. ఒకసారి ఒకే పొరను రెండు ముక్కలు చేసి, ఒకదాన్ని రెండు నిమిషాలు, మరొకదాన్ని పది నిమిషాలు నూరి, ఒకే శాతంలో కలిపి కొలిచాను. రెండు నిమిషాల నమూనాలో పర్మిటివిటీ పది నిమిషాల నమూనా కంటే స్పష్టంగా ఎక్కువగా వచ్చింది. నూరిన కొద్దీ ఫైబర్ తుంపులై, పొడవుకూ వ్యాసానికీ ఉండే నిష్పత్తి పడిపోయి, వల తెగిపోతుంది. పది నిమిషాల తరువాత మైక్రోస్కోపులో చూస్తే కనిపించినవి ఫైబర్లు కావు, తవుడు లాంటి ముక్కలు. అప్పటి నుంచి గడియారం పెట్టుకుని, ఒకే మనిషి, ఒకే కల్వంలో నూరడం మా ప్రయోగశాలలో నియమంగా పెట్టుకున్నాం. మీ రాతపుస్తకంలో ఈ నిమిషాలు లేకపోతే ఇప్పటి నుంచే రాయండి.

ఇప్పుడు −60 సంగతి. పత్రాల్లో కనిపించే ఆ అంకెల్లో చాలా వరకు ఎవరూ నేరుగా కొలిచినవి కావు. మైనపు ఉంగరాన్ని కోయాక్సియల్ గొట్టంలో (మధ్యలో లోహపు కడ్డీ ఉన్న లోహపు గొట్టం) పెట్టి నెట్‌వర్క్ ఎనలైజర్‌తో పర్మిటివిటీ, పర్మియబిలిటీ (అయస్కాంత క్షేత్రానికి పదార్థపు స్పందన) కొలుస్తారు, ఆ తరువాత సూత్రంలో మందాన్ని 1 మిల్లీమీటరు నుంచి 5 వరకు మార్చుకుంటూ పోయి, గీతలో ఎక్కడ లోతైన గుంట కనిపిస్తే అక్కడి అంకెను శీర్షికలో వేస్తారు. −10 డెసిబెల్ అంటే శక్తిలో పది శాతం వెనక్కి వచ్చింది, −20 అంటే ఒక శాతం, −60 అంటే పది లక్షల్లో ఒక వంతు. −20 నుంచి −60 వరకు దిగినా అదనంగా పీల్చుకున్నది ఒక శాతం లోపే. పైగా ఆ లోతు చాలా సున్నితమైనది. నేను పైన చెప్పిన 12, 4.4 లాంటి విలువల దగ్గర కల్పిత భాగం కొలతలో 5 శాతం తేడా వస్తే చాలు, గుంట సుమారు −32 దగ్గరే ఆగిపోతుంది. కోయాక్సియల్ కొలతలో 5 శాతం అనిశ్చితి అరుదైన విషయం కాదు. అందుకని −30 కంటే లోతున ఉన్న ఏ అంకెనూ నేను పదార్థపు గొప్పతనంగా లెక్కించను, −10 కంటే దిగువన ఎన్ని గిగాహెర్ట్జ్ వెడల్పు వచ్చింది, ఎంత మందంలో వచ్చింది అన్నదే చూస్తాను.

ఆ వెడల్పుకు కూడా ప్రకృతి ఒక హద్దు పెట్టింది. రోజనోవ్ అనే పరిశోధకుడు 2000లో ప్రచురించిన పత్రం ప్రకారం లోహం మీద ఉన్న శోషకపు మందం ఎంతో నిర్ణయమైతే, అది సాధించగల మొత్తం శోషణ తరంగదైర్ఘ్యాల పరంగా ఇంతకు మించకూడదని తేలుతుంది. అయస్కాంత గుణం లేని పదార్థంతో 8.2 నుంచి 12.4 గిగాహెర్ట్జ్ వరకు ఎక్స్ బ్యాండ్ అంతటా −10 సాధించాలంటే కనీసం 0.72 మిల్లీమీటరు కావాలి, 2 నుంచి 18 వరకు అంతటా కావాలంటే 7.8 మిల్లీమీటర్లకు తగ్గడం అసాధ్యం. ఎన్ని పొరలు పేర్చినా, ఎంత వింత నిర్మాణం గీసినా ఇది మారదు. ఎవరైనా 2 మిల్లీమీటర్ల కర్బన ఫైబర్ పొరతో ఆ మొత్తం పరిధిని కప్పామని చెబితే, వారు మందాన్ని మార్చుకుంటూ పోయిన గీతలన్నిటినీ కలిపి ఒకే వెడల్పుగా చెబుతున్నారేమో చూడండి.

నా సొంత పొరపాటు చెబితే మీకు ఎక్కువ ఉపయోగం ఉంటుంది. రెండవ ఏడాది చివర్లో ఒక నమూనా లెక్కలో 2.1 మిల్లీమీటర్ల మందానికి, 10 గిగాహెర్ట్జ్ వద్ద −48 డెసిబెల్ వచ్చింది. కొలిచిన పర్మిటివిటీ సరిగ్గా 12, 4.4 చుట్టూ ఉంది. సంతోషంతో పత్రం చిత్తుప్రతి కూడా రాసేశాను. మా గైడు ఒక్కటే అడిగారు, పలక చేసి నేరుగా కొలిచావా అని. పదిహేను సెంటీమీటర్ల చదరపు పలకకు కావలసిన ఫైబర్ పోగు చేయడానికే నెల దాటింది, ఎందుకంటే ఒక సూది గంటకు 0.8 మిల్లీలీటరు పది శాతం ద్రావణాన్ని పంపితే కర్బనీకరణ తరువాత చేతికి వచ్చేది 40 మిల్లీగ్రాములకు మించదు. చివరికి అల్యూమినియం పలక మీద అచ్చుపోసి హార్న్ యాంటెన్నాలతో కొలిస్తే, గుంట 8 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల పడింది, లోతు −7 దగ్గరే ఆగింది. ఆ రోజు సాయంత్రం గ్రాఫు ముందు కూర్చుని నాకు చాలాసేపు మాట రాలేదు.

కారణం వెతకడానికి మళ్లీ మొదటి మైనపు ఉంగరం దగ్గరికే వెళ్లాను. ఉంగరం బయటి వ్యాసం 7 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 3.04. మైనం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, దాన్ని అచ్చు నుంచి తోసేటప్పుడు లోపలి రంధ్రం అరుగుతుంది. మధ్య కడ్డీకి తొడిగి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఒక పక్క నెలవంకలా సన్నని వెలుగు కనిపించింది. ఆ సందు వెంట్రుక మందం, అంటే సుమారు 0.05 మిల్లీమీటరు. కానీ కోయాక్సియల్ గొట్టంలో విద్యుత్ క్షేత్రం అత్యంత బలంగా ఉండేది లోపలి కడ్డీ పక్కనే కనుక అక్కడి గాలి సందు అన్నిటికంటే ప్రమాదకరం. లోపలి కడ్డీ చుట్టూ 0.05 మిల్లీమీటరు గాలి ఉంటే, నష్టాన్ని పక్కన పెట్టి చేసిన లెక్కలో 40 ఉన్న పర్మిటివిటీ 16గా కనిపిస్తుంది, 12 ఉన్నది 8.4గా కనిపిస్తుంది. నా నమూనా నిజమైన పర్మిటివిటీని ఆ సందును తీసివేసి తిరిగి లెక్కిస్తే వాస్తవ భాగం 17, కల్పిత భాగం 13.5 దగ్గర తేలింది. ఆ విలువలను సూత్రంలో పెడితే 8 గిగాహెర్ట్జ్ వద్ద −7 వచ్చింది. పలక నిజమే చెప్పింది.

ఇందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన సంగతి మరొకటి. మేము పరికరం సరిగా ఉందో లేదో చూడటానికి ప్రతివారం టెఫ్లాన్ ఉంగరాన్ని కొలిచేవాళ్లం. టెఫ్లాన్ పర్మిటివిటీ సుమారు 2.05. అదే సందు టెఫ్లాన్‌లో ఉంటే కొలత 1.97 చూపిస్తుంది, అంటే నాలుగు శాతం తేడా మాత్రమే, ఎవరి కంటికీ ఆనదు. పర్మిటివిటీ పెరిగే కొద్దీ అదే సందు చేసే తప్పు అంతకంతకూ పెద్దదవుతుంది. కాబట్టి టెఫ్లాన్ సరిగా వచ్చింది కదా అన్న భరోసాతో కర్బన కాంపోజిట్ కొలతను నమ్మవద్దు. ఇప్పుడు మేము ఉంగరం లోపలి, బయటి అంచులకు వెండి పేస్టు పలుచగా రాస్తాం, ఒకే మిశ్రమం నుంచి మూడు ఉంగరాలు చేస్తాం, మూడూ కలవకపోతే ఏదీ వాడం. ఆ పద్ధతిలో 700 డిగ్రీల, 6 శాతం నమూనా 11, 4.5 విలువలిచ్చింది, దాని పలక 10 గిగాహెర్ట్జ్ దాటిన చోట −17 డెసిబెల్ ఇచ్చింది. −48 కంటే ఆ −17 అంటే నాకు ఈనాటికీ ఎక్కువ గౌరవం.

మరో హెచ్చరిక కూడా. నికల్సన్, రాస్, వియర్ పద్ధతిలో (ఎనలైజర్ కొలతల నుంచి పర్మిటివిటీ, పర్మియబిలిటీ రెండూ రాబట్టే పద్ధతి) లెక్కించినప్పుడు కేవలం కర్బనంతో చేసిన నమూనాకు కూడా సాఫ్ట్‌వేర్ పర్మియబిలిటీ కల్పిత భాగాన్ని 0.2 అనో, కొన్ని పౌనఃపున్యాల వద్ద రుణాత్మకమనో చూపవచ్చు. అది పదార్థపు గుణం కాదు, కొలతలోని దోషం, ముఖ్యంగా నమూనా పొడవు సగం తరంగదైర్ఘ్యానికి దగ్గరైనప్పుడు వచ్చేది. శక్తిని తనంతట తాను పుట్టించని నమూనా ఎక్కడా రుణాత్మక నష్టం చూపలేదు. అయస్కాంత పదార్థం లేనప్పుడు పర్మియబిలిటీని 1గా స్థిరపరచి పర్మిటివిటీని మాత్రమే లెక్కించండి.

అయస్కాంత పదార్థం కలపడం గురించి అడిగారు. కలపవచ్చు, కానీ ముందు వాహకత్వాన్ని అదుపులోకి తెచ్చిన తరువాతే. స్నోక్ అనే శాస్త్రవేత్త 1948లోనే చూపినట్టు ఫెరైట్లలో (ఐరన్ ఆక్సైడ్ ఆధారిత అయస్కాంత పదార్థాల్లో) పర్మియబిలిటీ ఎంత ఎక్కువగా ఉంటే అది అంత తక్కువ పౌనఃపున్యంలోనే పడిపోతుంది, 10 గిగాహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి కొద్ది శాతం నానో కణాలున్న మైనపు మిశ్రమంలో పర్మియబిలిటీ 1 నుంచి పెద్దగా కదలదు. ఇంకో చిక్కు రసాయనానిది. ఐరన్ ఆక్సైడ్‌ను పాలిమర్ ద్రావణంలో కలిపి 800 డిగ్రీలకు తీసుకెళితే చుట్టూ ఉన్న కర్బనమే దాన్ని క్షయకరించి ఇనుముగా, ఐరన్ కార్బైడ్‌గా మారుస్తుంది. ఆ ఇనుము తిరిగి చుట్టుపక్కల కర్బనాన్ని గ్రాఫైట్ వైపు నడిపిస్తుంది, వాహకత్వం ఇంకా పెరుగుతుంది. మీరు ఐరన్ ఆక్సైడ్ ఫైబర్ చేశానని అనుకుంటారు, కొలిమి నుంచి బయటికి వచ్చేది వేరొకటి. మీకు ఇప్పటికే వాహకత్వం ఎక్కువైంది కనుక ఈ దశలో ఇనుము చేర్చడం పుండు మీద కారం చల్లడమే అవుతుంది. తరువాత చేర్చినా కర్బనీకరణకు ముందు, తరువాత ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (నమూనాలో ఏ స్ఫటిక పదార్థాలున్నాయో చూపే పరీక్ష) రెండూ తీయించండి.

మీ ప్రశ్న చివర్లో షీల్డింగ్ (తరంగం అవతలి వైపుకు దాటకుండా అడ్డుకోవడం) గురించి ఒక వాక్యం ఉంది. శోషణ, షీల్డింగ్ ఒకటే అనుకోవద్దు. షీల్డింగ్ పత్రాల్లో శోషణ వాటా 30 డెసిబెల్, పరావర్తన వాటా 10 డెసిబెల్ కనుక ఇది ప్రధానంగా పీల్చుకునే పదార్థం అని రాస్తుంటారు. పరావర్తన వాటా 10 అంటే వచ్చిన శక్తిలో 90 శాతం ముందే వెనక్కి పోయింది. మిగిలిన పది శాతంలో దాదాపు అంతటినీ పీల్చుకుంది, అంతే. అది అద్దంలా పనిచేసే పదార్థం, రాడార్ నుంచి దాచడానికి పనికిరాదు.

ద్రావణం గురించి కొద్దిగా. వర్షాకాలంలో మా గదిలో తేమ పెరిగినప్పుడు సూది మొనలోనే పాలిమర్ గడ్డకట్టి ఆగిపోయేది, ఫైబర్ ఉపరితలం గరుకుగా, రంధ్రాలతో వచ్చేది. నీరు ఈ పాలిమర్‌ను కరిగించదు కనుక గాలిలోని తేమే దాన్ని విడగొడుతుంది. తేమమాపకం పెట్టి, 45 శాతం దాటితే ఆ రోజు స్పిన్నింగ్ మానుకోవడం మేలు. స్థిరీకరణను (కర్బనీకరణకు ముందు ఫైబర్ కరగకుండా గట్టిపరచే దశ) గాలిలో 250 నుంచి 280 డిగ్రీల మధ్య, నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల వేగంతోనే చేయండి, తొందరపడితే ఫైబర్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ పాలిమర్ వేడెక్కినప్పుడు హైడ్రోజన్ సయనైడ్ వెలువడుతుంది, ద్రావణిగా వాడే డైమిథైల్ ఫార్మమైడ్ కాలేయానికి హాని చేస్తుంది. కొలిమి నుంచి వచ్చే వాయువు తప్పనిసరిగా ఫ్యూమ్ హుడ్ లోకే పోవాలి, రాత్రి పూట ఒంటరిగా కర్బనీకరణ నడపకండి.

నేనైతే మీ స్థానంలో ఉంటే కొత్తగా ఏదీ స్పిన్ చేయకుండా, ఇప్పుడున్న ఫైబర్‌నే 3, 5, 7 శాతాల్లో కలిపి, రెండు నిమిషాలు నూరి, అంచులకు వెండి పేస్టు పెట్టి మూడేసి ఉంగరాలు కొలిచేవాణ్ణి. 1000 డిగ్రీల ఫైబర్‌కు 3 శాతమే సరిపోవచ్చు. సరిపోకపోతే అప్పుడు 700 డిగ్రీల దగ్గరికి దిగండి. కొలతలు వచ్చాక పర్మిటివిటీ వాస్తవ, కల్పిత భాగాలు 8, 10, 12 గిగాహెర్ట్జ్ వద్ద ఎంతెంత వచ్చాయో, నూరిన నిమిషాలతో సహా, ఈ సమాధానం కింద రాయండి, ఏ మందానికి పలక పోయాలో కలిసి లెక్కవేద్దాం.